విదేశీ నెట్‌వర్క్, డేటా నిల్వల ఉమ్మడి వినియోగం: ఆఫ్రికా విశ్వవిద్యాలయాల అనుభవం

2014లో చైనా వ్యవసాయ శాస్త్రాల అకాడమీ, బీజీఐ, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ కలిసి 89 దేశాలకు చెందిన 3,000 వరి రకాల జన్యుక్రమాలను వెల్లడించాయి. ఎవరైనా రుసుము లేకుండా వాడుకొనేందుకు వీలుగా ఆ డేటాను బహిరంగపరచాయి. దాని పరిమాణం 13.4 టెరాబైట్లు. సెకనుకు 2 మెగాబిట్ల వేగం గల కనెక్షన్ ఉన్న ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ డేటా మొత్తాన్ని దింపుకోవాలంటే, లైను రాత్రింబవళ్లు క్షణం ఆగకుండా పనిచేసినా 620 రోజులు పడుతుంది. 100 మెగాబిట్ల వేగంతో పన్నెండు రోజులకు పైగా పడుతుంది. 10 గిగాబిట్ల లైను ఉంటే మూడు గంటలు చాలు. డేటా ఉచితమే అయినా దానిని చేరే దారి ఉచితం కాదు. ఆ దారి లేని సంస్థకు అంతటి విజ్ఞానసంపద ఉన్నా లేనట్టే.

అంత విశాలమైన దారిని, అందులోనూ సముద్రాలు దాటి వెళ్లే దారిని, ఒంటరిగా కొనుక్కోవడం చాలా విశ్వవిద్యాలయాల శక్తికి మించిన పని. అందుకే అనేక దేశాల్లో విశ్వవిద్యాలయాలు కలిసి జాతీయ పరిశోధన, విద్యా నెట్‌వర్క్‌లను ఏర్పరచుకున్నాయి. వాటి ద్వారా ఖండాంతర కేబుళ్లలో సామర్థ్యాన్ని, విదేశాల్లోని కూడలి కేంద్రాలను, డేటా నిల్వ కేంద్రాలను పంచుకుంటున్నాయి. ఇది కొత్త ఆలోచన కాదు. 1989లో ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలు ఇంటర్‌నెట్‌లో చేరింది హవాయి విశ్వవిద్యాలయం మీదుగా, సెకనుకు 56 కిలోబిట్ల వేగం గల ఒకే ఒక ఉపగ్రహ లైనుతో. అయితే ఈ పద్ధతిలోని బలాలను, చిక్కులను స్పష్టంగా చూడదలచినవారికి తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల అనుభవం ఎక్కువ ఉపకరిస్తుంది. ఆ దేశాల వ్యవసాయ పరిస్థితులు మెట్ట ప్రాంతాల మన పరిస్థితులకు దగ్గరగా ఉండడం ఇందుకు ఒక కారణం. తక్కువ సొమ్ముతో, ఎక్కువ దూరం నుంచి వారు ఈ పని మొదలుపెట్టవలసి రావడం మరొక కారణం.

విడివిడిగా కొన్నప్పటి ధర

2009 వరకు తూర్పు ఆఫ్రికా తీరానికి అంతర్జాతీయ సముద్రగర్భ ఫైబర్ కేబుల్ చేరలేదు. కెన్యా, ఉగాండా, టాంజానియా విశ్వవిద్యాలయాలు ఉపగ్రహ లైన్ల మీదే ఆధారపడేవి. భూస్థిర ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఒక ప్రశ్న పైకి వెళ్లి కిందికి దిగి, దాని జవాబు తిరిగి పైకి వెళ్లి కిందికి దిగేసరికి అర సెకను గడిచిపోతుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కనుక 10,000 కిలోమీటర్ల కేబుల్ మీద ఒకవైపు ప్రయాణానికి 50 మిల్లీసెకన్లు సరిపోతాయి. అయితే ఆలస్యం కంటే పెద్ద సమస్య ధర. 2005 ప్రాంతంలో ఆఫ్రికా ఉన్నత విద్యాసంస్థల అనుసంధానంపై జరిగిన ఒక విస్తృత అధ్యయనం మూడు విషయాలను తేల్చింది. సగటు ఆఫ్రికా విశ్వవిద్యాలయం మొత్తానికి ఉన్న బ్యాండ్‌విడ్త్ ఐరోపాలో ఒక ఇంటికి ఉన్న కనెక్షన్‌తో సమానం. దానికి ఇతర ఖండాల విశ్వవిద్యాలయాల కంటే 50 రెట్లు ఎక్కువ ధర చెల్లిస్తోంది. అంత ఖరీదు పెట్టి కొన్న దానిని ఎవరు, ఎందుకు వాడుతున్నారో గమనించే ఏర్పాటు కూడా లేదు.

మూడవ అంశం మీద దృష్టి నిలపాలి. కొరత ఉన్నచోట వృథా ఉండదని సాధారణంగా భావిస్తాం. ఇక్కడ రెండూ కలిసి ఉన్నాయి. కొద్దిపాటి నీరు పారే కాలువకు తూములు, కొలతలు లేకపోతే ఏమవుతుందో అదే జరిగింది. ఎగువన ఉన్నవారు వాడుకున్నంత వాడుకోగా, పరిశోధకుని వంతు వచ్చేసరికి లైనులో ఏమీ మిగిలేది కాదు.

ధరను తగ్గించే తొలి ప్రయత్నం ఉపగ్రహ కాలంలోనే జరిగింది. అమెరికాకు చెందిన కొన్ని దాతృత్వ సంస్థల తోడ్పాటుతో ఘనా, నైజీరియా, టాంజానియా, ఉగాండా తదితర దేశాల విశ్వవిద్యాలయాలు కొన్ని ఒక కూటమిగా ఏర్పడి ఉపగ్రహ సామర్థ్యాన్ని టోకున కొన్నాయి. మునుపు విడివిడిగా చెల్లించిన ధరలో సుమారు మూడోవంతుకే అది వారికి దక్కింది. ఉపగ్రహం మారలేదు, దూరం తగ్గలేదు. మారినది కొనుగోలు చేసే పద్ధతి మాత్రమే.

ఐదు దేశాల కూటమి

2005లో కెన్యా, మలావి, మొజాంబిక్, రువాండా, దక్షిణాఫ్రికా దేశాల విద్యా నెట్‌వర్క్‌లు కలిసి ఉబుంటునెట్ అలయన్స్‌ను నెలకొల్పాయి. బంటూ భాషల్లో ఉబుంటు అంటే తోటివారి వల్లనే మనిషి మనిషి అవుతాడన్న భావం. కూటమి ప్రధాన కార్యాలయం సముద్రతీరం లేని మలావి రాజధాని లిలాంగ్వేలో ఏర్పడింది. దాని తొలి కూడలి మాత్రం ఆఫ్రికాలో కాక లండన్‌లో వెలసింది. ఆ తరువాత ఆమ్‌స్టర్‌డామ్‌లో మరొకటి వచ్చింది.

ఆఫ్రికా విశ్వవిద్యాలయాల ఉమ్మడి కూడలి ఐరోపాలో ఉండడం వింతగా తోచవచ్చు. అప్పటికి ఉన్న పరిస్థితుల్లో అదే సరైన స్థలం. నైరోబీ నుంచి కంపాలాకు పంపిన ఒక సందేశం కూడా ఐరోపా మీదుగా తిరిగి వచ్చేది. పొరుగు దేశాల మధ్య నేరుగా లైన్లు లేవు. ఐరోపా పరిశోధన నెట్‌వర్క్ అయిన జియాంట్‌తో కలవడానికీ అక్కడే వీలు. ఒక్కొక్క దేశం లండన్‌లో ఒక్కొక్క పరికరం పెట్టి, విడివిడిగా స్థలం అద్దెకు తీసుకొని, వేర్వేరుగా ఒప్పందాలు చేసుకొనే బదులు అందరూ ఒకే కూడలిని పంచుకున్నారు. విదేశంలో ఉమ్మడి సౌకర్యం అన్న మాటకు ఆచరణలో అర్థం ఇదే.

2009 జూలైలో సీకామ్ కేబుల్ ప్రారంభమైంది. అది దక్షిణాఫ్రికా, మొజాంబిక్, టాంజానియా, కెన్యా తీరాలను ఒకవైపు ఐరోపాతోను, మరొకవైపు ముంబైతోను కలిపింది. మరుసటి సంవత్సరం ఈసీ కేబుల్ వచ్చింది. దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ టెనెట్ సీకామ్‌లో 10 గిగాబిట్ల సామర్థ్యాన్ని దీర్ఘకాలిక హక్కుతో కొనుగోలు చేసింది. నెలనెలా అద్దె చెల్లించే వినియోగదారు స్థానం నుంచి, కేబుల్‌లో కొంత భాగానికి హక్కుదారు అయ్యే స్థానానికి విశ్వవిద్యాలయాలు ఎదిగాయి.

2011లో ఆఫ్రికాకనెక్ట్ పథకం మొదలైంది. దాని మొత్తం వ్యయం 1.475 కోట్ల యూరోలు. అందులో 80 శాతం, అంటే 1.18 కోట్ల యూరోలు, ఐరోపా కమిషన్ భరించింది. మిగతా 20 శాతం ఆఫ్రికా భాగస్వాములు సమకూర్చుకోవాలి. ఈ పథకంతో కెన్యా, ఉగాండా, టాంజానియా, జాంబియా వంటి దేశాల మధ్య భూమార్గ లైన్లు ఏర్పడ్డాయి. పొరుగు విశ్వవిద్యాలయానికి పంపే సమాచారం ఇక లండన్ వెళ్లి రావలసిన అవసరం తగ్గింది. విదేశీ కూడలిని పంచుకోవడంతో మొదలైన ప్రయాణం సొంత గడ్డపై కూడళ్లను నిర్మించుకొనే దశకు చేరింది.

సొమ్ము ఎవరిది, నిర్ణయం ఎవరిది

ఈ చరిత్రలో అందరి దృష్టీ 80 శాతం మీద పడుతుంది. నిజానికి గమనించవలసినది ఆ 20 శాతాన్ని. విదేశీ సహాయంతో పరికరాలు వస్తాయి, లైన్లు పడతాయి. సహాయం గడువు ముగిశాక రూటర్‌కు మరమ్మతు, కేబుల్ నిర్వహణ రుసుము, ఇంజినీర్ల జీతాలు, కూడలిలో స్థలానికి అద్దె ఏటేటా చెల్లించవలసినది సభ్య సంస్థలే. మొదటినుంచి తమ వాటా చెల్లించడం అలవాటైన నెట్‌వర్క్‌కు మాత్రమే పథకం తరువాత మనుగడ ఉంటుంది. వాటా చెల్లించినవారికే సమావేశంలో మాటకు విలువ ఉంటుంది. ఉబుంటునెట్ సభ్యులు వ్యక్తిగత విశ్వవిద్యాలయాలు కావు, జాతీయ నెట్‌వర్క్‌లు. ప్రతి దేశంలోని విశ్వవిద్యాలయాలు ముందు తమలో తాము సంఘటితమై, ఒక గొంతుతో మాట్లాడగలిగితేనే ఉమ్మడి కూడలిలో వాటికి చోటు దొరుకుతుంది.

సాగునీటి రంగం తెలిసినవారికి ఈ ఏర్పాటు పరిచితమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997 నాటి చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాల ఉద్దేశం కూడా ఇదే. కాలువను ప్రభుత్వం తవ్వుతుంది. పూడిక తీయడం, వంతులు పాటించడం, చివరి ఆయకట్టుకు నీరు చేరేలా చూడడం రైతులు ఉమ్మడిగా వహించవలసిన బాధ్యత. సంఘం బలహీనపడినచోట మొదట ఎండేది చివరి భూమి. నెట్‌వర్క్‌లోనూ చివరి భూములు ఉన్నాయి. మలావికి తీరం లేదు. సముద్రపు కేబుల్‌ను అందుకోవాలంటే మొజాంబిక్, టాంజానియా వంటి పొరుగు దేశాల భూభాగం దాటి రావాలి. ప్రతి సరిహద్దు దగ్గరా ఒక ధర, ఒక అనుమతి తోడవుతాయి. తీరంలోని విశ్వవిద్యాలయానికి చవకగా దొరికిన సామర్థ్యం లోతట్టు విశ్వవిద్యాలయానికి అదే ధరకు దొరకదు. ఈ తేడాను ఎవరు, ఎంతమేరకు భరించాలన్నది సాంకేతిక ప్రశ్న కాదు. సభ్యులు కూర్చొని తేల్చుకోవలసిన న్యాయమైన పంపకం ప్రశ్న.

దారి వేరు, నిల్వ వేరు

లైను సమకూరిన తరువాత వచ్చే ప్రశ్న డేటాను ఎక్కడ ఉంచాలన్నది. ఈ విషయంలో శాస్త్రలోకానికి చక్కని ఆదర్శాలు ఉన్నాయి. జన్యుక్రమాల డేటాను అమెరికాలోని జెన్‌బ్యాంక్, ఇంగ్లండ్‌లోని ఐరోపా న్యూక్లియోటైడ్ ఆర్కైవ్, జపాన్‌లోని డీడీబీజే కేంద్రాలు నిల్వ చేస్తాయి. ఈ మూడూ ప్రతిరోజూ తమ డేటాను ఇచ్చిపుచ్చుకుంటాయి. ఎక్కడ సమర్పించినా ఒకే క్రమం మూడు ఖండాల్లో నిలిచి ఉంటుంది. జెనీవాలోని సెర్న్ 2013 నుంచి నడుపుతున్న జెనోడోలో ఏ దేశ పరిశోధకుడైనా తన డేటాను ఉచితంగా భద్రపరచి శాశ్వత గుర్తింపు సంఖ్య పొందవచ్చు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం నిర్వహించే డేటావర్స్‌లో అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ వంటివి తమ సర్వేల డేటాను ఉంచుతున్నాయి. సొంతంగా సర్వర్లు కొని, చల్లదనం, విద్యుత్తు, భద్రత చూసుకోవలసిన భారం చిన్న సంస్థలకు ఈ విధంగా తప్పుతుంది.

విదేశీ నిల్వ వల్ల కలిగే మేలుకు ఉగాండా కర్రపెండలం ఒక నిదర్శనం. మకెరెరె విశ్వవిద్యాలయంలోని కృత్రిమ మేధ ప్రయోగశాల, ఆ దేశ జాతీయ పంటల పరిశోధన సంస్థ కలిసి రైతుల పొలాల్లో తీసిన 21,367 ఆకుల చిత్రాలను నిపుణుల చేత గుర్తింపజేశాయి. నాలుగు తెగుళ్లు, ఆరోగ్యవంతమైన ఆకు కలిపి ఐదు తరగతులు. 2020లో ఈ చిత్రాలను కాగుల్ వేదిక మీద పోటీకి ఉంచగా ప్రపంచం నలుమూలల నుంచి వేలాది మంది తెగులును గుర్తించే పద్ధతులు రూపొందించారు. ఒక దేశపు రైతుల చిత్రాలు ఆ దేశపు సర్వర్లలోనే ఉండిపోయి ఉంటే ఇంతమంది మేధస్సు ఆ పంటకు దక్కేది కాదు.

అయితే చిత్రంలో ఆకు మాత్రమే ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. విస్తరణ విభాగం సేకరించే డేటాలో రైతు పేరు, ఫోన్ నంబరు, సర్వే నంబరు, పొలం అక్షాంశ రేఖాంశాలు, అప్పుల వివరాలు కూడా ఉంటాయి. అవి దేశం దాటితే ఏ దేశ చట్టం వర్తిస్తుందన్న ప్రశ్న ఎదురవుతుంది. కెన్యా 2019లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసుకుంది. భారతదేశం 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చేసింది. రైతు నమ్మి చెప్పిన వివరం ఏ సర్వర్‌లో ఉందో తెలియని స్థితిలో సర్వే చేసిన శాస్త్రవేత్త ఉండకూడదు.

తెగిన కేబుళ్లు చెప్పిన మాట

2024 ఫిబ్రవరిలో ఎర్ర సముద్రంలో సీకామ్‌తో సహా పలు కేబుళ్లు తెగిపోయాయి. మార్చిలో పశ్చిమ తీరాన ఐవరీకోస్ట్ సమీపంలో మరికొన్ని తెగాయి. మే నెలలో తూర్పు తీరాన ఈసీ, సీకామ్ కేబుళ్లు దెబ్బతిని పలు దేశాల్లో ఇంటర్‌నెట్ మందగించింది. ఒకే సంవత్సరంలో ఖండానికి ఇరువైపులా దారులు తెగాయి. ఇలాంటి సందర్భంలో రెండు రకాల సంస్థల పరిస్థితి రెండు విధాలుగా ఉంటుంది. ఒకే కేబుల్ మీద ఆధారపడి, ఉన్న ఒక్క ప్రతినీ విదేశంలో ఉంచుకున్న సంస్థకు తన డేటా తనకే అందదు. పలు మార్గాల్లో వాటా ఉండి, పొరుగు దేశాలతో భూమార్గ లైన్లు ఉండి, స్వదేశంలో ఒక ప్రతి ఉన్న సంస్థ వేగం తగ్గినా పని కొనసాగించగలదు.

ఉమ్మడి విదేశీ సౌకర్యం వద్దనడానికి ఇది కారణం కాదు. దానిని ఏ స్థానంలో ఉంచాలో ఈ అనుభవం చెబుతోంది. విత్తన నిధి నడిపేవారికి ఈ సూత్రం కొత్త కాదు. ఎంత మంచి శీతల గిడ్డంగి ఉన్నా విత్తనాన్ని ఒకే చోట దాచరు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008 నుంచి ఉన్న ప్రపంచ విత్తన ఖజానాలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కూడా తన విత్తన నమూనాలను దాచింది. అక్కడ దాచిన విత్తనంపై హక్కు దాచిన సంస్థదే. పెట్టెను తెరిపించే అధికారమూ ఆ సంస్థదే. డేటాను విదేశంలో దాచేటప్పుడు కోరవలసిన షరతు సరిగ్గా ఇదే.

తెలుగు రాష్ట్రాల ముందున్న అవకాశం

మన దేశంలో ఈ పనికి పునాది పడే ఉంది. 2010 మార్చిలో కేంద్ర మంత్రివర్గం 5,990 కోట్ల రూపాయలతో జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్‌ను ఆమోదించింది. దాదాపు 1,500 విద్యా, పరిశోధన సంస్థలను కలపడం దాని లక్ష్యం. ట్రాన్స్ యురేషియా సమాచార నెట్‌వర్క్ ద్వారా అది ఆసియా, ఐరోపా పరిశోధన నెట్‌వర్క్‌లతో అనుసంధానమైంది. నిల్వ విషయంలో భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రధాన డేటా కేంద్రం న్యూఢిల్లీలోని వ్యవసాయ గణాంక పరిశోధన సంస్థలో ఉంది. దానికి రెండవ ప్రతిగా కృషి మేఘ్ అన్న కేంద్రాన్ని 2020 ఆగస్టులో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని నార్మ్‌లో ప్రారంభించారు. హైదరాబాద్‌ను ఎంచుకోవడానికి చెప్పిన ప్రధాన కారణం అది ఢిల్లీకి భిన్నమైన భూకంప మండలంలో ఉండడం. నిపుణులైన సిబ్బంది దొరకడం, గాలిలో తేమ తక్కువగా ఉండడం ఇతర కారణాలు. రెండు ప్రతులు, రెండు ప్రదేశాలు అన్న సూత్రం మన ఇంటి ముంగిటే అమలులో ఉంది.

ఆఫ్రికాతో మన వ్యవసాయ పరిశోధనకు ఉన్న బంధం కూడా పాతది. పటాన్‌చెరు ప్రధాన కేంద్రంగా పనిచేసే ఇక్రిశాట్ నైరోబీలోను, మలావిలోని చిటెడ్జె పరిశోధన క్షేత్రంలోను పనిచేస్తోంది. రాయలసీమ వేరుశనగ రైతు, మలావి వేరుశనగ రైతు ఎదుర్కొనే బెట్ట, ఆకుమచ్చ, అఫ్లటాక్సిన్ సమస్యలు ఒకటే. రెండు చోట్ల జరిగిన క్షేత్ర ప్రయోగాల డేటాను పక్కపక్కన పెట్టి చూడగలిగితే ఏ వంగడం ఏ బెట్టకు తట్టుకుంటుందో చెప్పడం సులువవుతుంది. అందుకు కావలసిన లైను ఉంది. లేనిది ఆ లైను మీదికి ఎక్కించదగిన రూపంలో డేటా. ఎన్నో ప్రయోగాల ముడి వివరాలు ప్రాజెక్టు ముగిశాక ఒక కంప్యూటర్‌లోనో, పెన్‌డ్రైవ్‌లోనో, విద్యార్థి సిద్ధాంత గ్రంథం చివరి అనుబంధంలోనో మిగిలిపోతున్నాయి. ఆ కంప్యూటర్ పాడైన రోజున మూడు ఖరీఫ్‌ల శ్రమ పోతుంది.

భద్రపరచే ముందు తేల్చుకోవలసినవి

ఈ అనుభవాల నుంచి విస్తరణ శాస్త్రవేత్తలు, పరిశోధక విద్యార్థులు పాటించదగిన క్రమం ఒకటి రూపుదిద్దుకుంటుంది. ప్రయోగం మొదలుపెట్టే ముందే డేటా ఎక్కడ నిలుస్తుందో ప్రణాళికలో రాసుకోవాలి. రైతును గుర్తుపట్టే వివరాలను విడదీసి స్వదేశంలోని సంస్థాగత నిల్వలో మాత్రమే ఉంచాలి. అటువంటి వివరాలు తొలగించిన పంట డేటాను అంతర్జాతీయ నిల్వలో ఉంచి గుర్తింపు సంఖ్య పొందాలి. ఆ నిల్వ నుంచి మొత్తం డేటాను ఎప్పుడైనా వెనక్కి తీసుకొనే వీలు ఉందో లేదో నిబంధనల్లో చూడాలి. ఖాతా వ్యక్తి పేరు మీద కాక విభాగం పేరు మీద ఉండాలి. విద్యార్థి పట్టా తీసుకొని వెళ్లిపోయినా, ఆచార్యుడు పదవీ విరమణ చేసినా తాళంచెవి విభాగంలోనే మిగలాలి. సంవత్సరానికి ఒకసారి రెండవ ప్రతిని తెరిచి చూడాలి. తెరిచి చూడని ప్రతి ఉన్నదో లేదో ఎవరికీ తెలియదు.

విశ్వవిద్యాలయాల స్థాయిలో చేయవలసినది మరొకటి ఉంది. తెలుగు రాష్ట్రాల వ్యవసాయ, ఉద్యాన, పశువైద్య విశ్వవిద్యాలయాలు నిల్వ సామర్థ్యం కోసం విడివిడిగా ఒప్పందాలు చేసుకొనే బదులు ఉమ్మడిగా బేరమాడవచ్చు. ఉన్న జాతీయ సౌకర్యాన్ని ఎంతమేర వాడుకుంటున్నాయో కొలిచి చూసుకోవచ్చు. నిర్వహణకు ఏటా కొంత మొత్తాన్ని ప్రాజెక్టు నిధుల నుంచి కాక సొంత బడ్జెట్ నుంచి కేటాయించవచ్చు. ఆఫ్రికా విశ్వవిద్యాలయాలు చౌక ధరను సాధించింది కలిసి కొనడం వల్ల. దానిని నిలబెట్టుకున్నది ఏటేటా తమ వాటా తాము చెల్లించడం వల్ల. లిలాంగ్వేలో కూర్చొని లండన్‌లోని కూడలిని నడిపిన ఆ కూటమికి దూరం అడ్డు కాలేదు. ఒకే నగరంలో, కొన్ని చోట్ల ఒకే ప్రాంగణానికి ఆనుకొని ఉన్న మన సంస్థలకు ఆ పాటి దూరం కూడా లేదు.